మచ్చ ఫిల్ముదా, ఇనుముదా?

మా ఇంట్లో ఫొటోలో ఏ మచ్చ కనిపించినా ముందు నన్ను పిలిచేవారు, కరెంటు పోతే లైన్‌మన్‌ని పిలిచినట్టు. తప్పు వాళ్ళది కాదు. అప్పట్లో నా ఉద్యోగమే మచ్చలు చూడటం.

రాయపూర్ పక్కన ఉర్లాలో నేను పనిచేసిన కంపెనీలో బాయిలర్లు, పెద్ద పెద్ద ట్యాంకులు తయారయ్యేవి. ఇనప పలకల్ని కలిపి వేసిన వెల్డింగ్ అతుకు లోపల గట్టిగా ఉందో, బొక్కలున్నాయో పైకి చూస్తే తెలియదు. అందుకని మనిషి ఛాతీకి తీసినట్టే అతుక్కీ ఎక్స్‌రే తీస్తారు. ఆ ఫిల్ములు కడిగి ఆరబెట్టి నా బల్ల మీద పెట్టేవారు. నేను వాటిని వెలుగుతున్న లైటు పెట్టె మీద పరిచి, భూతద్దం పట్టుకుని చూసి, ఈ అతుకు ఉంచవచ్చు, ఇది కోసి మళ్ళీ వెయ్యాలి అని తేల్చాలి.

ఆ పనిలో చిక్కంతా ఒక్కటే. ఫిల్ము మీద నల్లటి చుక్క కనబడుతుంది. అది ఇనుములో ఉన్న బొక్క కావచ్చు. లేకపోతే కవరులో దూరిన దుమ్ము కావచ్చు, కడిగినవాడి తడి వేలు కావచ్చు, నీటి బొట్టు ఆరిన గుర్తు కావచ్చు. చూపుకి అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే ముఖ్యమైన అతుకులకి ఒకే కవరులో రెండు ఫిల్ములు ఒకదాని మీద ఒకటి పెట్టి తీసేవాళ్ళం. చుక్క ఒక్కదాంట్లోనే ఉంటే అది ఫిల్ముది. రెండింట్లోనూ అదే చోట ఉంటే అది ఇనుముది. ఇంక వాదన లేదు. వెల్డర్లు మాత్రం "మేడమ్, ఫిల్మ్ కా దాగ్ హై" అంటూ నా గదికి వచ్చి బతిమాలేవారు, మచ్చ ఫిల్ముదే అని. నేను రెండో ఫిల్ము తీసి లైటు మీద పెట్టేదాన్ని. నాకు కోపం ఎక్కువని ఉర్లాలోనూ అనేవారు, ఇంట్లోనూ అనేవారు. ఉన్నమాటే కాబట్టి నేనేమీ అనుకోను.

ఇల్లు దేవేంద్ర నగర్‌లో. అమ్మ, తమ్ముడు, తమ్ముడి భార్య, నేను. నాన్న విజయనగరం పక్క పల్లె నుంచి రైల్వే ఉద్యోగానికి రాయపూర్ వచ్చి, రిటైరై, ఆ ఇల్లు కొనుక్కుని, ఒక చలికాలం పొద్దున్న టీ తాగుతూ తాగుతూ పోయాడు. గ్లాసు కింద పెట్టి మరీ పోయాడు. అమ్మ ఆ గ్లాసుని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఆయన పోయి ఏడాది తిరక్కుండానే తమ్ముడికి కూతురు పుట్టింది.

నాన్న గురించి ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. చిన్నప్పుడు నూర్పిళ్ళప్పుడు వరి పొల్లు గుచ్చుకుని ఆయన ఎడమ కంట్లో పువ్వు వేసింది. నల్లగుడ్డు ఉండాల్సిన చోట తెల్లగా ఉండేది. ఆ కంటికి చూపు లేదు. అందుకని ఎవరితో మాట్లాడినా, పేపరు చదివినా, ముఖం కొంచెం ఎడమకి తిప్పి కుడి కన్ను ముందుకు తెచ్చి చూసేవాడు. కొత్తవాళ్ళు ఆయన తమని అనుమానంగా చూస్తున్నాడనుకునేవారు. మాకు అది నాన్న చూపు, అంతే.

పిల్ల పుట్టిందని తమ్ముడు డిజిటల్ కెమెరా కొన్నాడు. వెండి రంగుది, సబ్బు పెట్టెంత ఉండేది. బారసాల రోజు వాడికి వేరే పని లేదు, తియ్యడమే తియ్యడం. ఆ మర్నాడు అందరం కంప్యూటర్ ముందు చేరి ఫొటోలు చూస్తుంటే, ఉయ్యాల చుట్టూ గాలిలో తెల్లటి గుండ్రాలు తేలుతున్నాయి. పల్చగా, లోపల ఏదో మడతలు పడ్డట్టు. ఒకటి ఉయ్యాల కర్ర దగ్గర, రెండు మరదలి భుజం మీద. అన్నిటికంటే పెద్దది గోడ మీద దండ వేసిన నాన్న ఫొటో ఫ్రేముకి సరిగ్గా పైన.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "మీ నాన్నే. మనవరాల్ని సూడ్డానికొచ్చినారు" అంది.

"ఏ నాన్న? ఇన్ని గుండ్రాలున్నాయి. అన్నీ నాన్నేనా? లేకపోతే రైల్వే డిపార్ట్‌మెంట్ అంతా వచ్చిందా?" అన్నాను నేను.

"నోరు ముయ్యే. ఇందుకే నీకు పెళ్ళవలేదు" అంది అమ్మ. ఏ గొడవైనా అక్కడికే చేరేది.

ఆ ఆదివారం అందరినీ హాల్లో కూర్చోబెట్టాను. కర్టెన్లు వేసి, ఒక బొంత తెచ్చి నాలుగు దులుపులు దులిపి, ఫ్లాష్ వేసి ఫొటో తీశాను. తెరంతా గుండ్రాలే. ఫ్లాష్ ఆపి తీశాను. ఒక్కటీ లేదు. కెమెరా ముందు, లెన్సుకి మరీ దగ్గరగా గాలిలో తేలే దుమ్ము రేణువు మీద ఫ్లాష్ పడితే అది మసకబారి పెద్ద గుండ్రంగా కనబడుతుందని చెప్పాను. తమ్ముడు "అచ్ఛా!" అని ఆశ్చర్యపోయాడు. మరదలు "అంతేనా వదినా" అని ఊపిరి పీల్చుకుంది. అమ్మ మాత్రం కదల్లేదు.

ఎలాగైనా నమ్మించాలని డాబా మీద నుంచి దోసెడు దుమ్ము తెచ్చాను. మా ఊళ్ళో డాబా పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి అరికాళ్ళు నల్లబడతాయి. పొగగొట్టాల నుంచి వచ్చే దుమ్ములో ఇనుము ఉంటుంది. కాగితం మీద దాన్ని పోసి, కింద నుంచి అయస్కాంతం జరిపాను. నల్లటి రేణువులు ఒంటి మీద వెంట్రుకల్లా లేచి నిలబడ్డాయి. అయస్కాంతం ఎటు పోతే అటు గుంపుగా నడిచాయి.

"ఓలమ్మో! ఏటే ఇది, నడుస్తంది!" అని అమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. కాసేపయ్యాక వంటింట్లోంచి తల బయటపెట్టి అడిగింది. "దుమ్మే లెగిసి నడుస్తంటే, మనిషి రావడం నీకు అంత వింతగా ఉందేటే?"

ఆ తర్వాత కెమెరాలో ఏ మచ్చ వచ్చినా తమ్ముడు నాకే చూపించేవాడు. ఆకాశం తీసిన ప్రతి ఫొటోలోనూ కుడి పైమూల బూడిదరంగు మచ్చ ఉండేది. కెమెరా తిప్పితే దాంతోపాటే తిరిగేది, కాబట్టి అది లోపల దూరిన దుమ్ము. చీకట్లో తీసిన ఫొటోల్లో ఎర్రటి చుక్క ఒకటి ఎప్పుడూ ఒకే చోట వెలిగేది, అది కెమెరాలో చెడిపోయిన పిక్సెల్. మచ్చ కెమెరాతో కదులుతోందా, గాలితో కదులుతోందా, లేక ఎదురుగా ఉన్న వస్తువుతో కదులుతోందా అని చూస్తే చాలు. వాడికీ అలవాటైపోయింది. "అక్కా, ఇది కెమెరాదా, గాలిదా?" అనేవాడు. మూడోది ఇంకా మాకు తగల్లేదు.

పిల్ల కూర్చోవడం, పాకడం మొదలుపెట్టాక అమ్మే మొదట గమనించింది. పిలిస్తే పిల్ల ముఖం ఎడమకి తిప్పి, కుడి కన్ను ముందుకు తెచ్చి చూస్తోంది. అచ్చం నాన్న చూపు. అమ్మ మమ్మల్నందరినీ పిలిచి, పిల్ల ఎదురుగా గరిటె ఊపి చూపించింది. పిల్ల తల తిప్పింది. మా తమ్ముడు నవ్వాడు గానీ వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చాలా ఏళ్ళుగా ఎరిగిన చూపు, ఏడాదైనా నిండని ముఖంలోంచి నన్ను చూస్తోంది.

పిల్లకి ఏడాది నిండాక మొక్కు ఉందని అందరం మా ఊరికి దగ్గర్లోనే ఉన్న ఆరంగ్ వెళ్ళాం. పాత గుడి, లోపల మండపం బాగా చీకటి. మరదలు పిల్లని ఎత్తుకుని స్తంభానికి ఆనుకుని నిలబడితే తమ్ముడు ఫ్లాష్ వేసి తీశాడు. తీసి, కెమెరా వెనకున్న చిన్న తెర వైపు చూసి, మొహానికి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూశాడు. నా దగ్గరికొచ్చి కెమెరా చేతికిచ్చాడు.

ఫొటోలో మరదలి కళ్ళు రెండూ ఎర్రగా వెలుగుతున్నాయి. ఫ్లాష్ ఫొటోల్లో అది మామూలే. పిల్ల కుడి కన్ను కూడా ఎర్రగానే ఉంది. ఎడమ కన్ను మాత్రం తెల్లగా ఉంది. నల్లగుడ్డు మధ్యలో పాలచుక్క పెట్టినట్టు.

అమ్మ నా చేతిలోంచి కెమెరా లాక్కుంది. కళ్ళజోడు పైకెత్తి చూసింది. తర్వాత ఆ మండపంలోనే, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా, పిల్ల కాళ్ళకి దణ్ణం పెట్టింది. "వొచ్చేసినారా?" అంది. "నాకు సెప్పకుండా పోయినారు గదా. అందుకే వొచ్చేసినారా?"

ఆ రోజు నుంచీ అమ్మ పిల్లని మీరు అని పిలవడం మొదలుపెట్టింది. "ఏటండీ, అన్నం తినరేటి?" "ఏటండీ, సలేస్తందా?" అని. మొదట్లో మేం నవ్వాం. ఆ తర్వాత అమ్మ ఎవరికీ తెలియకుండా నాన్న ఆఖరి టీ గ్లాసు తీసి, తోమి, అందులో పిల్లకి పాలు పోయడం మొదలుపెట్టింది. మరదలికి భయం వేసింది. "వదినా, నా కూతురు నాకు కావాలి. మావయ్యగారు నా ఒళ్ళో కూర్చున్నారంటే నాకు ఎలాగో ఉంది" అని నా గదిలోకొచ్చి ఏడ్చింది. పైకి మాత్రం అత్తగారి ముందు అనలేకపోయేది. నిజం చెప్పాలంటే, నాకూ ఆ మాట నమ్మాలనిపించింది. నాన్నంటే నాకు ప్రాణం. సాయంత్రం ఉర్లా నుంచి బస్సు దిగి వస్తుంటే గుమ్మంలో ఆ పిల్ల తల ఎడమకి తిప్పి నాకోసం చూస్తుండేది. నా కాళ్ళు వాటంతటవే గబగబా నడిచేవి.

కానీ పాడు అలవాటు, మచ్చ కనిపిస్తే వదిలిపెట్టలేను. ఆ ఫొటో నన్ను ఆఫీసులో కూడా వదల్లేదు. లైటు పెట్టె మీద ఫిల్ము పెడితే అందులో అతుకు బదులు ఆ కన్నే కనబడేది. ఒకరోజు కంపెనీ కెమెరా అడిగి ఇంటికి తెచ్చాను. అది వేరే రకం, కొంచెం పెద్దది. గదిలో దీపాలు తగ్గించి, మరదలి ఒళ్ళో పిల్లని కూర్చోబెట్టి, పక్కపక్కనే నిలబడి తమ్ముడు తన కెమెరాతో, నేను కంపెనీ కెమెరాతో తీశాం. బొమ్మ చూపించి పిల్లని అటూ ఇటూ తిప్పుతూ మళ్ళీ మళ్ళీ తీశాం. ఎదురుగా చూసినా, పక్కకి చూసినా కుడి కన్ను ఎరుపు, ఎడమ కన్ను తెలుపు. అన్నీ కంప్యూటర్లో ఎక్కించి, వాడి ఫొటో ఒకటి, నా ఫొటో ఒకటి పక్కపక్కన పెట్టాను.

రెండింట్లోనూ ఉంది. అదే చోట.

"అక్కా, ఇది కెమెరాదా, గాలిదా?" అన్నాడు తమ్ముడు, అలవాటుగా.

కెమెరాదీ కాదు, గాలిదీ కాదు. లేచి స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని కుళాయి తిప్పాను, నా ఏడుపు వినబడకుండా.

ఆ మర్నాడు సాయంత్రం కరెంటు పోయింది. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. వరండాలో చాప వేసుకుని పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఆడిస్తున్నట్టు అరచేత్తో దాని ఎడమ కన్ను మూశాను. అది నవ్వింది. నా గాజులతో ఆడుకుంది. మూశానన్న సంగతే దానికి పట్టలేదు. చెయ్యి తీసి కుడి కన్ను మూశాను. దాని నవ్వు ఆగిపోయింది. రెండు చేతులతో నా చెయ్యి లాగేసింది, తల విదిలించింది, గుక్కపట్టి ఏడ్చింది. దానికి లోకమంతా ఆరిపోయింది కదా మరి. చెయ్యి తీశాను. అది నా వైపు తిరిగింది. వీధిలోంచి వచ్చే ఆ కాస్త వెలుతురులో దాని ఎడమ కంట్లో లోతుగా, ఎక్కడో వెనక, పిల్లి కన్నులా ఏదో మెరిసింది. కెమెరా లేదు, ఫ్లాష్ లేదు. నేను దాన్ని గుండెలకి హత్తుకున్నాను. ఎవరిని హత్తుకున్నానో నాకే తెలియనట్టు అనిపించింది.

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి" అన్నాను లోపలికొచ్చి.

"ఎందుకే?" అంది అమ్మ. "మీ నాన్న ఆ కన్నుతోటే బతికినారు. ఉజ్జోగం సేసినారు, మిమ్మల్ని పెంచినారు. ఆయన కన్ను ఆయన తెచ్చుకున్నారు. నీకేటి నొప్పి?"

"నాన్నకి పొల్లు గుచ్చుకుని వచ్చింది. దీనికేం గుచ్చుకుంది?"

"నీకు అన్నీ దుమ్మే. నాన్న కూడా దుమ్మే" అంది అమ్మ. ఆ మాట నాకు చాలా గట్టిగా తగిలింది.

ఇంట్లో రెండు రోజులు నడిచింది ఆ గొడవ. నేను అగ్గిమీద గుగ్గిలం అయిపోయాను. చివరికి మరదలే ఒక పొద్దున్న పిల్లకి గౌను తొడిగి, చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడి, "పదండి వదినా" అంది. అత్తగారి వైపు చూడలేదు. రాయపూర్‌లోనే ఒక కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చుక్కలు వేసి, కాసేపాగి, టార్చి వేసి చూసింది. చాలాసేపు చూసింది. టార్చి ఆపేసి, నేను తీసుకెళ్ళిన ఫొటోలు చూసి, "కల్ నహీ. ఆజ్ నికలియే" అంది. రేపు కాదు, ఈ రోజే బయల్దేరండి, హైదరాబాద్ వెళ్ళండి అని. అక్కడి ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది.

అమ్మ కూడా వస్తానని రైలెక్కింది. దారంతా పిల్లని ఒళ్ళోంచి దించలేదు. హైదరాబాద్ ఆసుపత్రిలో బోర్డులన్నీ తెలుగులో ఉంటే, ఎన్నాళ్ళకో చూసిందేమో, కూడబలుక్కుని ఒక్కొక్కటే చదువుకుంటూ నడిచింది. ఒక తలుపు దగ్గర ఆగిపోయింది. దాని మీద కృత్రిమ నేత్ర విభాగం అని ఉంది. అమ్మ ఆ బోర్డు పైకి చదవలేదు.

పిల్లకి మత్తిచ్చి చూశాక డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. కంటి లోపల, వెనక పొర మీద గడ్డ. క్యాన్సర్. పసిపిల్లలకి వచ్చేది. ఫ్లాష్ వెలుగు ఆ గడ్డ మీద పడి వెనక్కి కొడుతోంది, అందుకే తెల్లగా కనబడుతోంది. ఆ కంటికి చూపు ఎప్పుడో పోయింది, అందుకే తల తిప్పి చూస్తోంది. గడ్డ కన్నంతా నిండింది. ఇప్పుడు కన్ను తీసేస్తే పిల్ల బతకడానికి మంచి అవకాశం ఉంది. ఆలస్యం చేస్తే నరం వెంబడి మెదడుకి పాకుతుంది.

మరదలు చీర చెంగు గుప్పిట్లో నలుపుతూ తల ఊపింది. తమ్ముడు అమ్మ వైపు చూశాడు. నాన్న పోయాక వాడు అమ్మ ఊ అననిదే గోడకి మేకు కూడా కొట్టలేదు.

అమ్మ డాక్టరుని అడిగింది. "అయితే ఆయన్ని తీసేస్తారా బాబూ?"

డాక్టరుకి అర్థం కాలేదు. తమ్ముడు తల దించుకుని, "రెండు రోజులు ఆలోచించుకుంటాం సార్" అన్నాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. "ఏం ఆలోచిస్తావురా?" అని అక్కడే అరిచేశాను. తర్వాత అమ్మ చెయ్యి పట్టుకుని బయటికి, వరండాలో బెంచీ దగ్గరికి లాక్కెళ్ళాను. నా సంచిలో ఫొటోలున్నాయి, అన్నీ ప్రింటు తీయించినవి. వాటిని బెంచీ మీద వరుసగా పరిచాను. బారసాల నాటిది. గుండ్రాలున్నాయి, పిల్ల రెండు కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. ఆరంగ్ గుడిలోది. తెల్లటి చుక్క. మొన్న ఇంట్లో రెండు కెమెరాలతో తీసినవి. చుక్క కాదు, నల్లగుడ్డంతా తెలుపు.

"ఇటు చూడమ్మా. నాన్న కంట్లో పువ్వు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన పోయేదాకా ఒక్కలాగే ఉంది. ఇది పెరుగుతోంది. పిల్లని లోపల్నుంచి తింటోంది. నాన్నైతే మనవరాల్ని తినేస్తాడా? చెప్పు. తినేస్తాడా?"

అనేశాక నాకే భయం వేసింది. అమ్మ ఫొటోల మీదికి వంగింది. మొదటి దాని దగ్గర నుంచి ఆఖరిదాకా వేలితో తడుముకుంటూ వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మా ముందు నుంచి స్ట్రెచర్లు పోతున్నాయి, ఎవరో పిల్లాడు ఎక్కడో ఏడుస్తున్నాడు.

"మా ఆయన కంచంలో ముక్క ఉంటే మీకు ఎట్టకుండా ఎప్పుడూ తిన్లేదు" అంది అమ్మ చివరికి. "ఇది ఆయన కాదు. ఇదేదో ఆయన మొకం పెట్టుకోనొచ్చింది. తీసేమను. తమ్ముడికి సెప్పు, నేను తీసేమన్నానని సెప్పు."

ఆపరేషన్ రోజు పొద్దున్న నర్సు పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చింది. అమ్మ ఒక్క నిమిషం అని ఆపి, పిల్ల ఎడమ చెవి దగ్గర వంగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. "ఒకేళ మీరుంటే పక్కకి తప్పుకోండి. కత్తి తగుల్తాది" అంది. తర్వాత వెనక్కి జరిగి, కొంగు నడుముకి దోపుకుని, గోడకి ఆనుకుని నిలబడింది. పిల్ల బయటికి వచ్చేదాకా కూర్చోలేదు.

నరం దాకా పాకలేదని రిపోర్టు వచ్చింది. మా మరదలు ఆ మాట విని నేల మీద కూలబడిపోయి పెద్దగా నవ్వింది, ఏడ్చింది, రెండూ ఒకేసారి. కొన్ని వారాలు పోయాక పిల్లకి కృత్రిమ కన్ను పెట్టారు. చాలా ఏళ్ళు పరీక్షలకి హైదరాబాద్ తిరిగాం. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. కోపంలో నన్ను మించిపోయింది, మేనత్త పోలిక అని అందరూ నన్నే తిడతారు. ఇప్పటికీ తల ఎడమకి తిప్పే చూస్తుంది. అమ్మ మళ్ళీ దాన్ని ఎప్పుడూ మీరు అనలేదు. ఏటే, ఓసే, అంతే. నాన్న గ్లాసు మళ్ళీ అలమరలోకి వెళ్ళిపోయింది.

కానీ కృత్రిమ కన్ను పెట్టించి ఇంటికి వచ్చిన వారంలో జరిగిన సంగతి ఒకటి ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు ఆ వెండి కెమెరా పట్టుకోవడం మానేశాడు. మరదలే నన్ను అడిగింది, "వదినా, ఒకటి తియ్యండి, చూద్దాం" అని. పిల్లని హాల్లో దివాన్ మీద కూర్చోబెట్టి ఫ్లాష్ వేసి తీశాను. అలవాటు కొద్దీ వెంటనే రెండోది కూడా తీశాను. కంప్యూటర్లో ఎక్కిస్తే అందరూ నా వెనక చేరారు. కుడి కన్ను ఎరుపు. ఎడమ కన్ను నల్లగా ఉంది. అందులో ఏమీ లేదు. మరదలు నా భుజం మీద తల పెట్టేసింది.

అమ్మ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని తెర దగ్గరకంటా వంగింది. పిల్ల చుట్టూ గాలిలో తెల్లటి గుండ్రాలు తేలుతున్నాయి. ఆ పొద్దున్నే దివాన్ మీద దుప్పటి దులిపాం.

"ఇయ్యేటే?" అంది. "దుమ్మేనా?"

"దుమ్మే."

"నిజంగా దుమ్మేనా? మీ నాన్న కాదు గదా?"

నేను తెర వైపు చూశాను. మొదటి ఫొటోలో గుండ్రాలు ఒక చోట ఉన్నాయి, రెండో ఫొటోలో ఇంకో చోట ఉన్నాయి. గాలిలో దుమ్ము అలాగే కదులుతుంది. ఒక్కటి మాత్రం కదల్లేదు. దండ వేసిన నాన్న ఫొటో ఫ్రేముకి సరిగ్గా పైన, బారసాల రోజు ఎక్కడుందో అక్కడ, రెండు ఫొటోల్లోనూ అదే చోట ఉంది.

ఫ్రేము అద్దం మీద పడిన ఫ్లాష్ లెన్సులోకి కొట్టి ఆ చోట మెరుపుగా కనబడి ఉండొచ్చు. తేల్చుకోవడం తేలికే. ఫ్రేము గోడ మీద నుంచి దించి మూడో ఫొటో తియ్యాలి, అంతే. కెమెరా నా చేతిలోనే ఉంది.

"దుమ్మేనమ్మా" అన్నాను.

"హమ్మయ్య" అంది అమ్మ. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "దుమ్మయితే ఉండనీ."

నేను కెమెరా ఆపేసి పెట్టెలో పెట్టేశాను.